చదివింపులు లేని కొట్టు

కార్తీకం ఆఖర్లో ఒక మిట్టమధ్యాహ్నం నూకాలపేట తగలబడిపోయింది. ఎదురుగా సముద్రం, కంటికి ఆనినంత మేరా నీళ్లే, అయినా ఒక్క గుడిసె మిగల్లేదు. తాటాకుకి నిప్పంటుకున్నాక బిందెలతో పోసే నీళ్లు ఏపాటి? మగవాళ్లు తెప్పల మీద వేటకి పోయారు. ఆడవాళ్లు ఎండుచేపల గంపలతో సంతలకి పోయారు. తిరిగొచ్చేసరికి ఒంటిమీదున్న గుడ్డే వాళ్ల ఆస్తి.

నెల్లిమర్ల పెద్దలు మంచివాళ్లే. ఆ మాట ముందే చెప్పాలి, తర్వాత తిట్టాల్సి ఉంది గనక. రైసుమిల్లు నరసింగరావు గారు అధ్యక్షుడిగా సహాయ సంఘం పెట్టారు. వీధివీధీ తిరిగి గుడ్డలు పోగుచేశారు. ఎడ్లబండి నిండా కోకలు, పంచెలు, చొక్కాలు వేసుకుని నూకాలపేట వెళ్లి ఇసకలో చాపలు పరిచారు. పంచే పని జగన్నాధం మాస్టారికి అప్పగించారు.

పని అక్కడే చెడింది.

జగన్నాధం మాస్టారు ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. నెల్లిమర్లలో ఎవరింట పెళ్లయినా చదివింపులు ఆయన గొంతుతోనే జరగాలి. ఎవరు ఏం పెట్టారో, ఎంత పెట్టారో ఆయన పందిట్లో నిలబడి చదివితే నాలుగో వీధిలో కూర్చున్నవాడికి కూడా వినబడేది. ముప్పయ్యేళ్లుగా ఆయనకి తెలిసిన దానం అదొక్కటే: ఇచ్చినవాడి పేరు పదిమందీ వినాలి. అందుకని ఇసకలో నిలబడి అదే గొంతుతో మొదలుపెట్టాడు. రైసుమిల్లు నరసింగరావు గారి భార్య లక్ష్మీనరసమ్మ గారు, మామిడిపండు రంగు నేతకోక ఒకటి, బుల్లమ్మకి. ఫలానా వీధి ఫలానా వారు, పంచె ఒకటి, నూకయ్యకి. సాయంత్రం దాకా అలాగే చదివాడు. ఒక్క పేరు తప్పిపోలేదని తృప్తిగా బండెక్కాడు.

బుల్లమ్మ ఆ కోక కట్టుకుని మర్నాటి సంతకి వచ్చింది. గంప దించిందో లేదో లక్ష్మీనరసమ్మ గారి పనిమనిషి వచ్చి, అమ్మగారు రమ్మంటున్నారని పిలిచింది. చేపలు కొంటారనుకుని బుల్లమ్మ వెళ్లింది. పెరట్లో బండెడు కట్టెలు పడున్నాయి. ఎలాగూ వచ్చావు గదా, మా కోకే కట్టుకున్నావు గదా, ఆ కట్టెలు కాస్త లోపల పేర్చేసి పో అన్నారు అమ్మగారు. గట్టిగా కూడా అనలేదు, నవ్వుతూనే అన్నారు. బుల్లమ్మ పేర్చింది. సంత అయిపోయింది, చేపలు గంపలోనే ఉండిపోయాయి. ఆ రోజు సంతలో మిగతా ఆడవాళ్ల గతీ అదే. ఒకామెని, మా పంచె నీ మొగుడు కట్టాడు గదా, ఇంకో గుప్పెడు కొసరెయ్యి అన్నారు. ఇంకొకామెని పట్టుకుని, ఇది ఫలానా వారి పమిట కాదేటే, చేపకంపు పట్టించేశావేటి అని పదిమందిలో నవ్వారు.

పై వారం సంతకి నూకాలపేట ఆడవాళ్లు అంచులు కాలిన పాత కోకల్లోనే వచ్చారు. వచ్చి, సంఘం వాళ్ల గుడ్డలు దాచే గది గడప మీద, మడతపెట్టిన కోకలు ఒక్కొక్కటే పెట్టి, మాటాడకుండా వెళ్లిపోయారు.

ఆ గదిలో ఉన్నది జగ్గమ్మ. గజపతినగరం దగ్గర మెట్టలో చోళ్లు పండించుకునే ఇంట పుట్టి నెల్లిమర్లకి కాపరానికి వచ్చిన మనిషి. ముప్పయ్యేళ్లు దాటాక అక్షరాలు నేర్చుకుంది, నేర్చుకున్న మొదటి ఏడే రేషను షాపు బోర్డు చదివి షాపువాడితో తగువు పెట్టుకుంది. సంఘంలో ఒక ఆడమనిషి ఉంటే బాగుంటుందని పెద్దలు ఆమెని పెట్టుకున్నారు, పెట్టుకున్నందుకు రోజూ చింతిస్తున్నారు. గడప మీద పెరుగుతున్న ఆ మడతల్ని చూసి జగ్గమ్మ బయటికొచ్చింది. బుల్లమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"సలి ముదురుతన్నాది. పిల్లలకైనా ఉంచుకోవే."

"సలికి సావం అప్పా," అంది బుల్లమ్మ. "కట్టెలు మోసినందుకు నాకు బాధ నేదు. ఎవులైనా కూలికి పిలిస్తే మొయ్యనేటి? ఆ కోక ఒంటిమీదున్నంత కాలం నాను ఆళ్ల మనిసినే. ఒద్దు."

సంఘం కూర్చుంది. నరసింగరావు గారికి ఆ తిరుగు కోకలు చెంపదెబ్బలా తగిలాయి. వాళ్లకి అక్కర్లేకపోతే బొబ్బిలిలో పెద్ద సభ పెట్టి, మైకు పెట్టించి, అక్కడి బీదలకి పంచేద్దామన్నారు. మాఘ పౌర్ణమికి ముహూర్తం కూడా చెప్పేశారు. మైకు అనేసరికి జగన్నాధం మాస్టారి మొహం వెలిగింది. జగ్గమ్మ లేచి నిలబడింది. పౌర్ణమి దాకా ఆ గది నాకివ్వండి, దాన్ని కొట్టు చేస్తాను, గుడ్డలకి చిన్న ధర పెడతాను, వచ్చిన డబ్బుతో నూకాలపేటకి తాటాకు కొందాం, ఆ ఆడవాళ్లే వచ్చి కొనుక్కుంటారు, రాకపోతే మీ మైకు మీరు పెట్టుకోండి అంది. దానం అమ్ముతారటయ్యా అని ఒకాయన చెవులు మూసుకున్నాడు. నరసింగరావు గారు మాత్రం సరే అన్నారు, ఆమె ఓడిపోతుందని ఆయనకి గట్టి నమ్మకం. పనికి ఇద్దర్ని కూడా ఇచ్చారు: జగన్నాధం మాస్టారిని, కాంపౌండరు భార్య పద్మకుమారిని.

జగ్గమ్మ ఆ సాయంత్రమే బస్సెక్కి, ఇసకలో నడిచి నూకాలపేట వెళ్లింది. కాలిన గుంజల మధ్య ఆడవాళ్లని కూర్చోబెట్టి, నా కొట్లో ఎవరి పేరూ వినబడదని చెప్పింది. వినబడితే ఏం చేస్తావని బుల్లమ్మ అడిగింది.

"ఇనబడిన నాడే కొట్టు మూసీసి, తాళం సెవి తెచ్చి నీ సేతిలో ఎడతాను. సముద్రంలో ఇసిరీ."

వాళ్లు వస్తామనలేదు. రామని కూడా అనలేదు.

ఇక నేర్పడం మొదలైంది. నేర్పడమంటే జగ్గమ్మకి తెలిసింది అరవడం. పద్మకుమారి ప్రతి గుడ్డా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది, ఇచ్చినవాళ్ల ఎదురుగానే. ఆ ముక్కు ఇంట్లో ఒగ్గేసి రా అంది జగ్గమ్మ. గుడ్డ తెచ్చినవాళ్ల ముందు దులపొద్దు, వాళ్లు వెళ్లాక దులపండి. కోక కొంగుల్లో ముడులు విప్పి చూడండి, తాళంచెవో, వక్కో, తాయెత్తో ఉంటే అదే రోజు తిరిగిచ్చెయ్యండి. చాకలికి పడకుండా ఏ గుడ్డా బల్లమీదకి ఎక్కకూడదు. చిరుగుంటే కుట్టండి, కుట్టినా కొనేవాళ్లకి మీ నోటితో మీరే చెప్పండి, వాళ్లు ఇంటికెళ్లి చూసుకునేట్టు చెయ్యొద్దు. అన్నింటికంటే ముందు, పేరు. ఈ గదిలో ఎవరి పేరూ పలకొద్దు.

చివరి మాట దగ్గర మాస్టారు ఎదురు తిరిగాడు.

"ఇచ్చినవాడి పేరు మింగేస్తే అది దొంగతనం కాదా జగ్గమ్మా?"

"పెళ్లిలో సదివింపులు ఎందుకు సదువుతారు మాస్టారూ?"

"ఇచ్చినవాళ్లకి గౌరవం. పదిమంది సాక్ష్యం."

"అంతేనా?"

ఆయన కాస్త తటపటాయించాడు. "రేపు వాళ్లింట పెళ్లయితే మనం అంతకి తగ్గకుండా పెట్టాలి గదా. మరిచిపోకుండా ఉండడానికి."

"అదీ మాట. మీరు ఇసకలో నిలబడి సదివినది దానం కాదు, బాకీ. బుల్లమ్మ లక్ష్మీనరసమ్మ గారింటి పెళ్లిలో ఏటి సదివిస్తాది? ఏటీ నేదు గనక కట్టెలు మోసినాది."

మాస్టారు చాకలికి వెయ్యాల్సిన గుడ్డలు ఏరడంలో పడ్డాడు. 

జగ్గమ్మ గెలిచాననుకుంది. గెలుపు నాలుగు రోజులు కూడా నిలవలేదు. దేముడమ్మ అని ఒక ముసలామె, కొడుకు జనపనార మిల్లులో కూలి, ఒక చొక్కా తెచ్చింది. ముందూ వెనకా అతుకులే, భుజం దగ్గర మళ్లీ చిరిగింది. జగ్గమ్మ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, ఇది గుడ్డేటి, గిన్నెలు తోముకునే పీచా, మనుషులు తొడుక్కుంటారనుకున్నావా అని గుమ్మంలోకి విసిరింది. దేముడమ్మ వంగి చొక్కా తీసుకుని, దులిపి, చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. వీధి వీధంతా చూసింది. ఆ మర్నాటి నుంచి గుడ్డలు తెచ్చేవాళ్లు ఆగిపోయారు. బల్ల సగం ఖాళీ. పౌర్ణమి దగ్గరపడుతోంది.

మాస్టారు అప్పుడు నోరు విప్పాడు. ఆయన అరవలేదు, అందుకే జగ్గమ్మ విన్నది.

"ఆవిడ మొగుడి చొక్కా అది. ఇంట్లో ఇవ్వడానికి అదొక్కటే ఉంది. బుల్లమ్మకి సిగ్గుందని నాకు నేర్పావు, ఒప్పుకున్నాను. ఇచ్చేవాళ్లకీ ఉంటుంది జగ్గమ్మా. ఆ సంగతి నువ్వు నా దగ్గర నేర్చుకోవాలి."

జగ్గమ్మకి ఒళ్లు మండింది.  ఊళ్లో ఉన్నవాళ్లందరితోనూ తగువు పెట్టుకుంది గానీ, తన తప్పు తనకి కనబడిన రోజులు ఆమెకి తక్కువ. మర్నాడు పొద్దున్నే దేముడమ్మ ఇంటికి వెళ్లింది. క్షమించమనలేదు, ఆ మాట ఆమెకి రాదు. నీ చేతి కుట్టు చూశాను, అన్ని అతుకులు వేసీ చొక్కా వంకర పోలేదు, కొట్లో కుట్టేవాళ్లు లేరు, వస్తావా అంది. చొక్కా కూడా తెమ్మంది. దేముడమ్మ ఆమెని చాలాసేపు ఎండలోనే నిలబెట్టి, తర్వాత సూది ఎవరు ఎక్కిస్తారు, నాకు కళ్లు ఆనవు అంది. నాను ఎక్కిస్తాను అంది జగ్గమ్మ.

ఆ రోజే మాస్టారు ఒక ఉపాయం చెప్పాడు. గుడ్డలు మన దగ్గరికి రావడమెందుకు, మనమే వెళ్దాం. ఇచ్చేవాళ్ల గుమ్మం ముందే, వాళ్ల వీధిలోనే, నేను పేరు చదువుతాను. ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా. బండి కదిలాక పేరు అక్కడే ఉండిపోతుంది. కొట్టుకి గుడ్డ ఒక్కటే వస్తుంది. జగ్గమ్మ ఆలోచించి, ఇందులో తిట్టడానికేమీ దొరక్క ఒప్పుకుంది. మాస్టారు బండి మీద నిలబడి వీధులు తిరిగాడు. ఎవరింటి గుమ్మం ముందు వాళ్ల పేరు మోగుతుంటే, పక్కింటివాళ్లు లోపలికి పరిగెత్తి పెట్టెలు తీశారు. రెండు వీధులు తిరిగేసరికి బండి నిండింది. దేముడమ్మ గుమ్మం దగ్గర కూడా బండి ఆపి, చొక్కా ఒకటి అని, రైసుమిల్లు వారి పేరు చదివిన గొంతుతోనే చదివాడు. ముసలామె తలుపు వెనక నుంచి విన్నది.

పద్మకుమారికి కూడా ఒక సంగతి కనబడింది. చాకలి ఉతికి తెచ్చిన గుడ్డలు మడతపెడుతూ, ఇలా చూడండి అని ఒక మూల చూపించింది. నల్లజీడి గింజ రసంతో పెట్టిన చుక్కలు, గీతలు. ఏ ఇంటి గుడ్డకి ఆ ఇంటి గుర్తు. చాకలికోసం పెట్టిన గుర్తే గానీ, వీధిలో పెరిగిన ప్రతి ఆడదానికీ తెలుసు, రెండు చుక్కలు ఎవరివో, నిలువు గీత ఎవరిదో. పేరు నోటితో పలక్కపోతే ఏం, గుడ్డే పలుకుతుంది. జీడి మరక చచ్చినా పోదు. జగ్గమ్మ తల పట్టుకుంది. దేముడమ్మ మాత్రం ఒక కోక ఒళ్లోకి లాక్కుని ఆ మూలని లోపలికి మడిచి, అంచు కుట్టేసి చూపించింది. గుర్తు లోపల పడిపోయింది. దానికి ఇంత రాద్ధాంతమేటే అంది. ఆ తర్వాత సంత దాకా నలుగురూ మూలలు మడుస్తూనే ఉన్నారు. మాస్టారు కూడా కుట్టాడు, ఆయన కుట్టినవి దేముడమ్మ విప్పి మళ్లీ కుట్టింది.

పౌర్ణమికి ముందు సంత వచ్చింది. పొద్దున్న నుంచి మిల్లు కూలీల ఆడవాళ్లు ఒకరిద్దరు వచ్చి గౌన్లు కొనుక్కున్నారు. నూకాలపేట వాళ్లు సంతలో చేపలమ్ముతున్నారు, కొట్టు వైపు చూడడం లేదు. జగ్గమ్మ గుమ్మంలో నిలబడింది, లోపలికొచ్చింది, మళ్లీ నిలబడింది. ఎండ వాలాక బుల్లమ్మ ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. వెనకాల నలుగురైదుగురు, గుమ్మం బయటే. ఈమెని ముందు పంపి చూస్తున్నారు, లోతు చూడ్డానికి ఒకణ్ణి నీళ్లలోకి దింపినట్టు.

సరిగ్గా అప్పుడే లక్ష్మీనరసమ్మ గారు వచ్చారు. తను ఇచ్చిన గుడ్డలు ఎలా పోతున్నాయో చూద్దామని వచ్చారు. పద్మకుమారి స్టూలు వేసింది. ఆవిడ కూర్చున్నారు. వెళ్లండని ఎలా అంటారు?

బుల్లమ్మ బల్ల చివరి నుంచి మొదలుపెట్టింది. ఒకటి తీసింది, పెట్టింది. ఇంకోటి తీసింది. జగ్గమ్మ చూస్తూ ఉంది. బల్ల మీద అన్ని కోకలున్నాయి, బుల్లమ్మ చెయ్యి వెళ్లివెళ్లి ఆకుపచ్చ కోక మీద ఆగింది. ముక్కుపొడుం రంగు అంచు. అది ఎవరింటిదో కొట్లో వాళ్లందరికీ తెలుసు. మూలనున్న గుర్తు మడతలో పడిపోయింది గానీ, పదేళ్లు కట్టిన కోకని కట్టినావిడ గుర్తుపట్టదా? లక్ష్మీనరసమ్మ గారి మొహం విచ్చుకుంది. స్టూలు మీద కాస్త ముందుకి జరిగారు.

"ఆ కోక..." అన్నారు.

బుల్లమ్మ చెయ్యి కోక మీదే ఆగిపోయింది. గుమ్మం బయట ఉన్నవాళ్లు చూపులు మార్చుకున్నారు. జగ్గమ్మ అరవబోయి ఆగింది.  అరిస్తే చాలు, ఆ అరుపే పేరు చెప్పేస్తుంది.

జగన్నాధం మాస్టారు బల్ల వెనక నుంచి మామూలు గొంతుతో, కొట్టువాడు మాట్లాడినట్టు అన్నాడు. "అది చూసి తీసుకో అమ్మా. కుచ్చిళ్ల దగ్గర చిరుగుంది, కుట్టాం. అంచు కూడా ఒకచోట నలిగిపోయింది. పాతది."

లక్ష్మీనరసమ్మ గారి నోరు తెరుచుకునే ఉండిపోయింది. చిరుగు కోక. నలిగిన అంచు. పదిమంది ఆడవాళ్ల ముందు అది తనదని ఎలా చెప్పుకోవడం? ఆవిడ నెమ్మదిగా నోరు మూసుకుని మాస్టారి వైపు చూశారు. మాస్టారు ఇంకో చొక్కా మడతపెట్టుకుంటున్నాడు, తలెత్తలేదు.

బుల్లమ్మ కోకని పూర్తిగా విప్పి, వెలుగుకి పట్టుకుంది. చిరుగు దొరికింది. వేలు పెట్టి చూసి ధర అడిగింది, మాస్టారు చెప్పాడు. ఆమె మొహంలో ఒక మార్పు వచ్చింది, సంతలో చేపలు కొనేవాడు ధర అడిగినప్పుడు వచ్చే మార్పు.

"సిరిగింది పెట్టి ఇంత సెప్తారేటి? సగం సెయ్యండి."

"సగానికి రాదు," అన్నాడు మాస్టారు.

"రాకపోతే ఒగ్గేస్తాను. ఈ రంగు కూడా ఎలిసిపోనాది."

"ఎలిసిపోవడమేమిటే?" లక్ష్మీనరసమ్మ గారు ఆగలేకపోయారు. "అది పొందూరు వైపు నేత. ఆ రంగు ఉతికిన కొద్దీ తేలుతుంది. ఇంకో పదేళ్లు కట్టుకోవచ్చు."

బుల్లమ్మ ఆవిడ వైపు తిరిగింది. కట్టెల రోజు తర్వాత ఆవిడ మొహం సూటిగా చూడడం అదే మొదలు. "అంత మంచిదయితే తమరే కొనుక్కోండి అమ్మగారూ. నాను ఇంకోటి సూసుకుంటాను."

గుమ్మం బయట ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు లోపలికొచ్చింది, దాని వెనకే ఆడవాళ్లూ వచ్చారు. లక్ష్మీనరసమ్మ గారికి కోపం రావాల్సింది. వచ్చింది కూడా. కానీ బేరం బేరమే, ఆవిడా సంతల్లో పెరిగిన మనిషే. కొంగు ఎత్తి నేత చూపించారు, దారం లెక్కపెట్టమన్నారు. బుల్లమ్మ చిరుగు మీద నుంచి వేలు తియ్యలేదు. మాస్టారు మధ్యలో పడి కాస్త తగ్గించాడు. ఇంకాస్త తగ్గించమని బుల్లమ్మ, చాలమ్మా ఇది మీ కొట్టు కాదు అని లక్ష్మీనరసమ్మ గారితో మాస్టారు, ఎవరి కొట్టయితేనేం మాట మాటే అని ఆవిడ.

జగ్గమ్మ గోడకి ఆనుకుని నిలబడింది. దానం పుచ్చుకున్నవాళ్లు దండం పెట్టడం ఆమె చూసింది, తల వంచడం చూసింది. బేరమాడడం ఎప్పుడూ చూడలేదు. దానం పుచ్చుకున్నవాడికి ఆ హక్కు లేదు. కొనేవాడికే ఉంది. చిరుగు చూపించి తిట్టుకునే హక్కు, నచ్చకపోతే విసిరేసి పోయే హక్కు. అదే కావాలి, ఆ ఇసకలో వాళ్లకి లేనిదదే. ఈ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది, కానీ వినడానికి ఎవరికీ తీరిక లేదు. నూకాలపేట ఆడవాళ్లు బల్ల చుట్టూ మూగి, పిల్లల చొక్కాలకి గుండీలు లెక్కపెడుతున్నారు, లేని గుండీకి తగ్గించమంటున్నారు. పద్మకుమారి ఒక్కొక్కళ్లకీ చిరుగులు తనే చూపిస్తోంది, కొన్ని వాళ్లు చూడనివి కూడా. దేముడమ్మ మూల కూర్చుని, నా కుట్టు పట్టుకుని చిరుగంటావేటే, ముందుకంటే గట్టిగా ఉన్నాది అని ఎవరితోనో తగువు పెట్టుకుంది.

బుల్లమ్మ ఆకుపచ్చ కోక భుజాన వేసుకుని డబ్బులు బల్లమీద పెట్టింది. వెళ్తూ జగ్గమ్మ దగ్గర ఆగింది.

"మీ కొట్టువోళ్లు మహా గట్టోళ్లు అప్పా. ఒక్క పైసా ఒగ్గరు." అని, గంపలో కోక సర్దుకుంటూ అంది, "పై సంతకి మా పేటంతా వస్తాది. మగోళ్ల పంచెలు ఎక్కువ ఎట్టండి. ధర మాత్రం ఇలా సెప్తే ఒల్లం."

సరేలే, వచ్చి తగువాడండి అంది జగ్గమ్మ. లోపల లక్ష్మీనరసమ్మ గారు స్టూలు బల్ల దగ్గరికి లాక్కుని, ఇంకొకామెకి ఏ గుడ్డ నిలుస్తుందో చెబుతున్నారు. మిల్లు కూత వేసింది, షిఫ్టు దిగిన కూలీ ఆడవాళ్లు గుమ్మంలో చెప్పులు విడుస్తున్నారు. జగ్గమ్మ లోపలికి నడిచింది. సూదిలో దారం అయిపోయిందని దేముడమ్మ అప్పటికి రెండుసార్లు పిలిచింది.